వెనిసు నగరమునకు ఏ ఋతువున పోవలెను?

ప్రయాణమునకు దినము చూచుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. తిథి, వారము, వర్జ్యము, దిక్కుశూల మొదలగువానిని పెద్దలు చూచి చెప్పిన పిదపగాని గడప దాటుట లేకుండెను. ఋతువును గూర్చి మాత్రము వేఱుగ చెప్ప నక్కఱ లేకుండెను. గోదావరి పొంగి పొరలుచుండగా పడవ యెక్కువా రుందురా? రోహిణికార్తె యెండలో పసిబిడ్డ నెత్తుకొని కాలినడకన బయలుదేరువా రుందురా? విమానములు వచ్చిన పిమ్మట నీ వివేకము కొంత సన్నగిల్లినది. టిక్కెట్టు ఏనాడు చౌకగా దొరకునో, సెలవు ఏనాడు కుదురునో, ఆనాడే ప్రయాణము. అనేక నగరముల విషయమున దీనివలన కలుగు నష్టము స్వల్పము. ఇటలీ దేశమందలి వెనిసు నగరము విషయమున నట్లు కాదు. అచ్చట వీధియు నీరే, వాకిలియు నీరే. గాలి దిక్కు మాఱినచో నడచుదారియే మాఱును.

నేడు మన యాడపడుచులు, కుమారులు ఇంగ్లండు, జర్మనీ మున్నగు దేశములలో నుద్యోగములు చేయుచున్నారు. వారు తలిదండ్రులను, అత్తమామలను పిలిపించుకొని, నాలుగు నగరములు చూపింపవలెనని కోరుట సహజము. ఆ నాలుగింటిలో వెనిసు తప్పక యుండును. అఱువదేండ్లు దాటిన తల్లికి మోకాళ్ళ నొప్పి యుండవచ్చును. ఆమెకు ఈ ప్రయాణము జన్మకొకసారి వచ్చునది. అట్టి ప్రయాణమును ఋతువు తెలియక నిర్ణయించినచో, ఆమె వసతి గదిలో కిటికీకడ కూర్చుండి తిరిగి రావలసి వచ్చును. కావున సోదరీమణులారా, ఆ నగరపు ఎండవానలను, చలిగాలులను, సముద్రపు పోటుపాటులను గూర్చి తెలిసినంతవఱకు ఇచ్చట వివరించుచున్నాను.

నగర స్వరూపము

ఆడ్రియాటికు సముద్రపు ఉత్తరాగ్రమున, సన్నని యిసుకతిన్నెలచే సముద్రమునుండి వేఱుపడిన లోతులేని ఉప్పుటేఱు ఒకటి గలదు. దాని వైశాల్యము సుమారు 550 చదరపు కిలోమీటర్లు. మన పులికాటు సరస్సును చూచినవారికి దాని స్వభావము కొంత యూహకు వచ్చును. ఆ నీటి నడుమ సుమారు 118 చిన్న దీవులను నాలుగు వందలకు మించిన వంతెనలతో కలిపి కట్టిన నగరమే వెనిసు. 1846లో రైలు వంతెనయు, 1933లో బండ్ల వంతెనయు దానిని నేలతో కలిపినవి. అయినను కారులు నగరపు అంచుననే ఆగిపోవును. లోపల నడకయు పడవయు తప్ప వేఱు సాధనము లేదు. వంతెనలలో అధికభాగము మెట్లు గలవి. ఒక మైలు నడచునప్పటికి పది పండ్రెండు వంతెన లెక్కి దిగవలసి యుండును. పెట్టెను మోయుటయు మనపనియే.

ఈ నగరమునకును మన తెలుగు దేశమునకును ఒక పాత చుట్టఱికము గలదు. 1295లో స్వదేశమునకు తిరిగి వచ్చిన మార్కో పోలో ఈ వెనిసువాడే. ఆతడు తన గ్రంథమున మోటుపల్లి రేవుగల రాజ్యమును వర్ణించుచు, ఆ దేశము నేలు రాణి మిక్కిలి వివేకవతియనియు, అచ్చట నేయు వస్త్రములు సాలెగూటి దారమువలె నుండుననియు చెప్పెను. ఆ రాణి మన రుద్రమదేవియే యని చరిత్రకారు లందురు. ఆ కాలపు నావికులు ఋతుపవనములకై నెలల తరబడి రేవులలో కాచుకొని యుండెడివారు. గాలిని లెక్కింపక ఓడను కదల్చుట వారికి తెలియదు. అట్టి నావికుల పురమునకు పోవునపుడు మనమును గాలిని లెక్కించుట న్యాయమే.

చలికాలము

వెనిసు ఉత్తరమున 45 డిగ్రీల అక్షాంశమున నున్నది. అందుచేత చలికాలమున పగలు మిక్కిలి చిన్నది. డిశంబరు నెల కడపట ప్రొద్దు దాదాపు ఎనిమిది గంటలకు పొడిచి, సాయంకాలము నాలుగున్నరకే క్రుంకును. జనవరి మాసమున పగటివేడి 7 డిగ్రీల ప్రాంతమునను, రాత్రి సున్న డిగ్రీల ప్రాంతమునను ఉండుట సామాన్యము. ఈ యంకె చూచి హిమాలయపు చలితో పోల్చి, ఇది యెంత యనుకొనరాదు. నీటిమీదనుండి వచ్చు చలి తేమతో కూడి యెముకలలో దిగును. 1709వ సంవత్సరపు శీతకాలమునను, మరల 1929 ఫిబ్రవరిలోను ఆ యుప్పుటేఱు గడ్డకట్టగా జనులు దానిపై నడచిరి. అట్టి చలి యరుదు. మంచు కురియుటయు ప్రతియేట జరుగదు.

చలికాలమున రెండు వేఱువేఱు ముఖములు గలవు. ఒకటి పొగమంచు. దీనిని ఆ యూరివారు తమ మాటలో కాయిగో అందురు. అది కమ్మినపుడు ఎదురుగా నున్న మేడ కానరాదు. పడవలు కొన్ని దారులు మానుకొని మెల్లగా సాగును. రెండవది బోరా యను ఈశాన్యపు గాలి. అది కొఱడావలె చల్లనిదైనను పొడిగాలి గనుక పొగమంచును చెదరగొట్టును. అట్టి మఱునాటి యుదయమున ఉత్తరముగా ఆల్ప్సు పర్వతముల మంచుశిఖరములు నీటిమీదనుండి కనబడును. ఆ దృశ్యము వేసవిలో పోయినవారికి దుర్లభము.

మన సంక్రాంతి సెలవులలో పోగలవారికి ఒక లాభము గలదు. క్రొత్తసంవత్సరపు సందడి ముగిసినది మొదలు కార్నివాలు పండుగవఱకు జనసమ్మర్దము తక్కువ. బస గదులు తక్కువ వెలకు దొరకును. వస్తుప్రదర్శనశాలలలో చిత్రములకడ తీఱికగా నిలువవచ్చును. ఉన్ని దుస్తులు, చెవులు కప్పు టోపీ, జాఱని చెప్పులు ఉన్న పడుచువారికి ఇది మంచికాలమే. ఉబ్బసము గలవారికిని, కీళ్ళనొప్పులు గలవారికిని, పసిబిడ్డలకును మాత్రము కాదు.

ఫిబ్రవరిలోనో మార్చి మొదటనో వచ్చు కార్నివాలు, మొగముసుగుల యుత్సవము. 1797లో వెనిసు రిపబ్లికు అంతరించిన తరువాత క్షీణించిన యీ వేడుకను 1979లో మరల ప్రారంభించిరి. ఆ దినములలో నువ్వులేని అరిసెవలె పిండి నూనెలో వేచి, ఎండుద్రాక్షలు చేర్చి చేయు ఫ్రితోలె యను తీపివంటకము ప్రతి మిఠాయి దుకాణమునను కనబడును. గదుల వెలలు మాత్రము రెట్టింపగును. ఇఱుకు వీధులలో జనప్రవాహమునకు ఎదురు నడచుట వృద్ధులకు కష్టము.

వసంతము, వేసవి

ఏప్రిలు మొదలు చెట్లు చిగుర్చును, దినములు పెరుగును. మే నెలలో పగటివేడి 21, 22 డిగ్రీలు. ఇది మన మాఘమాసపు ఉదయమువంటి హాయి. మధ్య మధ్య జల్లులు పడును గాని దినమంతయు పట్టియుండుట తక్కువ. జూను మొదటి పక్షమువఱకును ఈ సుఖము నిలుచును. మన పిల్లల వేసవి సెలవులు ఏప్రిలు కడపటనుండి జూను రెండవ వారమువఱకు గనుక, తెలుగు కుటుంబములకు దైవికముగా కుదిరిన కాల మిదియే. మన యూళ్ళలో వడగాడ్పు వీచుచుండగా వెనిసులో శాలువ కప్పుకొని సాయంకాలము తొమ్మిది గంటల వెలుగులో తిరుగవచ్చును. అయితే ఈ సత్యము లోకమంతటికిని తెలియును. కావున వసంతమున, ముఖ్యముగ శని ఆదివారములందు, రద్దీ మెండు.

జూలై, ఆగష్టు మాసములలో పగటివేడి సగటున 28 డిగ్రీలు. కొన్ని దినములలో 33, 34 వఱకు పోవును. బెజవాడ యెండ నెఱిగినవారికి ఈ యంకెలు లెక్కలోనివి కావు. కాని రాళ్ళు పఱచిన చౌకములలో నీడ లేదు, గాలిలో తేమ యధికము, చిన్న కాలువలలో నీరు తగ్గినపుడు దుర్వాసన వచ్చును, దోమలు విస్తారము. పాతకాలపు బసలలో కిటికీలకు దోమతెర లుండకపోవుటయు కలదు. సాయంకాలమున నకస్మాత్తుగా ఉఱుములతో కూడిన వాన వచ్చి, గంటలో వెలియును. దీనికి తోడు ఐరోపా అంతటను పాఠశాలలకు సెలవు లవియే. ఎండకు తాళగలము గదాయని మనవారు ఈ కాలమును ఎన్నుకొందురు. ఎండ వారిని బాధింపకపోవచ్చును, జనసమ్మర్దము బాధించును.

శరత్తును పోటునీరును

సెప్టెంబరు రెండవ వారమునుండి అక్టోబరు నడిమివఱకు మరల మంచి కాలము. సెప్టెంబరులో పగటివేడి 24 డిగ్రీలు, అక్టోబరులో 18. ఎండ మృదువు, దోమలు తగ్గును. మన దసరా సెలవు లీ కాలముననే వచ్చుచుండును. సెప్టెంబరు మొదటి ఆదివారమున మహాకాలువలో పూర్వకాలపు వేషములతో పడవల పందెములు జరుగును. అదే సమయమున లీడో దీవిలో చలనచిత్రోత్సవము గూడ జరుగుచుండును గనుక గదులు ప్రియము. ఆ సందడి ముగిసిన పిదప పోవుట మేలు.

అక్టోబరు కడపటినుండి జనవరివఱకు ఆక్వా ఆల్టా, అనగా ఎత్తునీరు, వచ్చు కాలము. నవంబరులో నిది మిక్కుటము. దీని కారణమును మన స్త్రీలు సులభముగ గ్రహింపగలరు. ఏలననగా సముద్రపు పోటు పున్నమికిని అమావాస్యకును హెచ్చునని సముద్రతీరమున నున్నవారందఱు ఎఱుగుదురు. ఆ పోటు వచ్చు సమయముననే ఆగ్నేయమునుండి సిరోక్కో యను వెచ్చని గాలి, పొడవైన ఆడ్రియాటికు సముద్రముమీదుగా వీచి, నీటిని నెట్టుకొనివచ్చి ఉత్తరపు మూలలో కుప్పవేయును. వాయుపీడనము తగ్గియున్నచో నీటిమట్టము ఇంకను పెరుగును. ఈ మూడును ఒక్కటియైన నాడు నీరు గడప లెక్కును.

2019 నవంబరు 12వ తేదీ రాత్రి నీరు 187 సెంటీమీటర్ల మట్టము నంటెను. ఆనాడు మన కార్తిక పౌర్ణమి. మన యాడవారు అరటిదొప్పలలో దీపములు నీటిలో వదలిన నాడే, వెనిసు గృహిణులు చీకటిలో నేలమీది సామగ్రిని మేడమీదికి చేరవేసికొనుచుండిరి. అన్నిటికంటె పెద్ద వఱద 1966 నవంబరు 4వ తేదీది. ఆనాటి మట్టము 194 సెంటీమీటర్లు. అది పున్నమియు కాదు, అమావాస్యకు ఎనిమిది దినములు ముందు. చంద్రుని బలము తక్కువగా నున్నను, గాలి విడువక వీచుటచేత పోటునీరు తిరిగి పోలేక నగరముననే నిలిచిపోయెను. కావున పంచాంగము కొంతవఱకే దారి చూపును. గాలిని గూడ చూడవలెను. ఈ మట్టములను 1897 నాటి సగటు సముద్రమట్టమునుండి కొలుతురు. అప్పటినుండి సముద్రము పెరుగుటయు, నేల క్రుంగుటయు కలిసి 25 సెంటీమీటర్లకు మించిన తేడా వచ్చినది. ఇరువదవ శతాబ్దపు నడుమ ఒడ్డున నున్న కార్మాగారములకై భూగర్భజలమును విస్తారముగా తోడుటయు నేల క్రుంగుటకు ఒక హేతువు.

2003లో ఆరంభించి అనేక కష్టములతో నిర్మించిన మోసె యను అడ్డుకట్ట 2020 అక్టోబరు 3వ తేదీన తొలిసారి పోటును నిలిపెను. సముద్రముతో కలియు మూడు ముఖద్వారముల అడుగున 78 ఇనుపతలుపులు పరుండియుండును. పోటు 110 సెంటీమీటర్లకు మించునని తెలిసినపుడు వానిలోనికి గాలిని పంపగా అవి పైకి లేచి సముద్రమును ఆపును. దీనివలన నగరమున కెంతో రక్షణ కలిగినది. అయినను సాన్ మార్కో చౌకము మిక్కిలి పల్లము. తలుపు లెత్తనక్కఱలేని కొద్దిపాటి పోటుకే అచ్చటికి నీరు చేరును. సాన్ మార్కో దేవాలయమునకు మాత్రము 2022లో చుట్టును గాజు అడ్డు కట్టిరి.

ఇట్టి నీరు మన గోదావరి వఱదవలె దినముల తరబడి నిలువదు; కొన్ని గంటలలో తీయును. పురపాలక సంఘమువారి పోటుల కార్యాలయము రాబోవు నీటిమట్టమును ముందుగా ప్రకటించుచుండును. ముఖ్యమైన దారులలో బల్లలు పఱచి నడక యేర్పఱతురు. మోకాలివఱకు వచ్చు రబ్బరు బూట్లున్నచో భయము లేదు. నీటిలో మూయబడిన మెట్లు, కాలువ యంచులు కానరావు గనుక పిల్లల చేయి విడువరాదు. చీరకట్టుకొను సోదరీమణులు ఆ దినములలో కుచ్చెళ్ళు తడియని దుస్తులు ధరించుట మేలు. ఆ నీరు ఉప్పునీరు. పట్టునకును జరీకిని శత్రువు.

ఋతువులును ఆ యూరి స్త్రీలును

మనము రెండు దినములుండి వచ్చు ఋతువులో ఆ యూరివారు జీవిత మంతయు గడపుదురు. ఒకప్పుడు నీటి నడుమనున్న యా నగరమునకు మంచినీరే కొఱవ. ప్రతి చౌకమునందును నేలక్రింద బంకమట్టితో గుంట కట్టి, అందు ఇసుక నింపి, వాననీరు దానిలో వడగట్టబడి నడిమి బావిలో ఊరునట్లు చేసిరి. నేటికిని చౌకముల నడుమ చెక్కడపు ఱాతి బావి యొరలు కనబడును. వాన కుఱిసినగాని త్రాగునీరు లేదు. పోటునీరు బావిలో పడినచో త్రాగునీరు చెడును. అందుచేతనే యొరలను ఎత్తైన మెట్లపై నిలిపిరి. కావడిని భుజమున వేసికొని, రెండువైపుల రాగి బిందెలతో ఇంటింటికిని నీరమ్ము పడుచులు బిగొలాంతె యను పేరుతో ప్రసిద్ధులు. వారిలో ననేకులు ఫ్రియూలీ కొండసీమనుండి పొట్టకూటికై వచ్చినవారు. 1884లో కుళాయినీరు వచ్చినది. నేడు ఆ బావులకు మూతలు వేసియున్నవి. చౌకములలోని కుళాయిల నీరు త్రాగదగినది, సీసా నింపుకొనవచ్చును.

బురానో దీవి కథ మఱియు వినదగినది. అది చేపలు పట్టువారి దీవి. 1872 నాటి కఠినమైన చలికాలమున వేట సాగక ఇల్లిల్లును పస్తులుండెను. పూర్వము ఆ దీవి స్త్రీలు సూదితో నల్లు లేసు ఐరోపా రాజసభలలో పేరుపొందినదే గాని, ఆనాటి కా విద్య దాదాపు నశించెను. చెంచా స్కార్పారియోలా యను వృద్ధురాలికి మాత్రము అది తెలిసియుండెను. ఆమె చేతిపనిని నేర్పించుటకై పావులో ఫంబ్రి, ఆండ్రియానా మార్చెల్లో అను వారలు పాఠశాల స్థాపించిరి. ఒక ముసలమ్మ వ్రేళ్ళలో మిగిలిన విద్య వందలకొలది కుటుంబములకు అన్నము పెట్టెను. ఆ పాఠశాల భవనము నేడు లేసు ప్రదర్శనశాల. మన నరసాపురము ప్రాంతపు స్త్రీలు కొక్కెముతో లేసు నల్లుదురు, బురానోవారిది సూదిపని. రెంటికిని భేదము తెలిసిన మన సోదరీమణులు ఆ ప్రదర్శనశాలలో ఇతరులకంటె ఎక్కువ చూడగలరు. దుకాణములలో చౌకగా దొరకునది చాలవఱకు యంత్రపు పని. నిజమైన చేతిపని ఒక చిన్న తునకకే దినముల కొలది పట్టును గనుక వెలయు నట్లే యుండును. ఏది యేదో అడిగి తెలిసికొని కొనవలెను.

వెనిసువారి రెండు గొప్ప మ్రొక్కుబడులును ఋతువులతో ముడివడి యున్నవి. 1575 మొదలు 1577 వఱకు మహామారి చెలరేగి శాంతించిన పిదప, శిల్పి పల్లాడియో చేత రెడెంటోరె దేవాలయమును కట్టించిరి. ప్రతియేట జూలై మూడవ ఆదివారమున, పడవలపై వంతెన పఱచి ఆ గుడికి నడచిపోవుదురు. ముందునాటి రాత్రి బాణసంచా కాల్తురు. 1630లో మరల మహామారి వచ్చినపుడు మ్రొక్కిన మ్రొక్కునకు, శిల్పి లొంగేనా సాలూతె దేవాలయమును నిర్మించెను. నవంబరు 21వ తేదీన పొగమంచులో, పోటునీటి కాలముననే, ఊరివారు పిల్లలతో పోయి ఆరోగ్యమునకై క్రొవ్వొత్తి వెలిగించి వత్తురు. జూలై పండుగ యాత్రికులతో నిండును. నవంబరు పండుగ ఇంటివారిది. ఆ నగరపు హృదయమును చూడగోరువారు చలికి వెఱవక ఈ రెండవదానికి పోవలెను.

భోజనమునందును ఋతువు కనబడును. వసంతమున సాంత్ ఎరాస్మో దీవి తోటలలోని లేత ఆర్టిచోకు మొగ్గలు రియాల్టో బజారుకు వచ్చును. ఏప్రిలు 25వ తేదీ సాన్ మార్కో పండుగనాడు బియ్యము, పచ్చిబఠాణీలు కలిపి వండు రిసి ఎ బిసి యను వంటకము పూర్వము రాజ్యాధిపతియగు డోజెకు అర్పించెడివారు. పేరు విని శాకాహార మనుకొనరాదు. దానిలో తఱచు పందిమాంసపు ముక్కలు వేయుదురు. అడిగి తెలిసికొనవలెను. చలికాలమున త్రెవీసో ప్రాంతపు ఎఱ్ఱని చేదాకు, మొక్కజొన్న సంకటియగు పొలెంత దొరకును. సంకటి తిని పెరిగినవారికి పొలెంత క్రొత్తగాదు.

నిర్ణయము, ఏర్పాటులు

ఇన్నిటిని విచారించి చూడగా ఇట్లు చెప్పవచ్చును. పిల్లలతో పోవువారికి మే రెండవ వారమునుండి జూను మొదటి వారమువఱకు. వృద్ధులను తీసికొనిపోవువారికి సెప్టెంబరు కడపటి పక్షము. తక్కువ వ్యయముతో నెమ్మదిగ చూడగోరు పడుచుదంపతులకు జనవరి రెండవ పక్షము అనుకూలము. నవంబరున పోవువారు రబ్బరు బూట్లతోను ఓర్పుతోను పోవలెను. జూలై ఆగష్టులు తప్పనివారు ఉదయము ఏడు గంటలకు ముందే బయలుదేరి, మధ్యాహ్నము విశ్రమించి, సాయంకాలము మరల తిరుగవలెను.

ఐరోపా వీసాకు ప్రయాణమునకు ఆఱు మాసములకు ముందు దరఖాస్తు పెట్టరాదు. పదునైదు దినములకు లోపలను పెట్టరాదు. 30,000 యూరోలకు తక్కువకాని వైద్యభీమా తప్పనిసరి. కావున ఋతువును ముందు నిశ్చయించి, నాలుగైదు మాసముల ముందే పని యారంభించుట మంచిది. 2024 మొదలు, వసంతకాలమున రద్దీగల కొన్ని దినములలో, రాత్రి బసచేయక ఒక్క పగలు చూచిపోవువారినుండి ప్రవేశరుసుము తీసికొనుచున్నారు. ఆ సంవత్సరము 29 దినములకు 5 యూరోల వంతునను, 2025లో 54 దినములకు, ముందుగా చెల్లించినవారికి 5, ఆలస్యము చేసినవారికి 10 యూరోల వంతునను విధించిరి. ఏటేట దినములు మాఱును గనుక చూచుకొని పోవలెను. దేవాలయములలో భుజములు, మోకాళ్ళు కప్పుకొనవలెనను నియమ మున్నది. మన చీరకు దానితో చిక్కులేదు. మోకాళ్ళ నొప్పి గలవారికి పడవ రేవునకు దగ్గఱగా, నడుమ వంతెన లేని బస కుదుర్చుట వెల కొంత హెచ్చైనను మేలు.

చివరకు ఒక్క మాట. 1951లో ఆ పాత నగరమున సుమారు 1,75,000 మంది కాపురముండిరి. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 లకు లోబడినది. ఇండ్లు యాత్రికుల బసలైపోవుచుండగా, నిత్యావసరముల దుకాణములు జ్ఞాపకవస్తువుల దుకాణము లగుచుండగా, అచ్చటి గృహిణికి సంసారము కష్టమగుచున్నది. కూరగాయల సంచితో వంతెన యెక్కు ముసలమ్మకు దారి యియ్యక, ఫోటోలకై మెట్లపై గుంపుగూడుట మనకు తగదు. గుంపులేని ఋతువున పోయి, ఒక్క పూట పరుగుకు బదులు రెండు మూడు రాత్రులుండి, ఊరివారి బజారులోనే నాలుగు వస్తువులు కొనుట మనకును సుఖము, వారికిని ఉపకారము. అతిథి వచ్చు వేళను గూర్చి మన యిండ్లలో ఎంత విచారింతుమో మనకు తెలియనిది కాదు. పరుల యింటికి పోవునపుడును ఆ విచారము మనకుండవలెను.